బోరు వేయించిన బుల్లెట్ పాత బండి కాదా?
కేంద్ర రోడ్డు రవాణా మంత్రి గారికి మాకవరపాలెం నుంచి బహిరంగ లేఖ



మాది అనకాపల్లి జిల్లా, నర్సీపట్నం పక్కన మాకవరపాలెం. మోటారు సైకిళ్లు బాగుచేసి బతికేవాణ్ని. నా షెడ్డులో ఇప్పుడు రెండు పాత బళ్లు అమ్మకానికి సిద్ధంగా ఉన్నాయి. ఒకటి 1973 నాటి బుల్లెట్ 350, రెండోది 1985 నాటి యెజ్డీ రోడ్‌కింగ్. రెండూ దూర ప్రయాణాలకు పేరున్న బళ్లే. రెండింటి ఇంజన్లూ దించి, పూర్తిగా విప్పి, అరిగినవి మార్చి మళ్లీ బిగించాను. లంబసింగి ఘాట్ ఆగకుండా ఎక్కుతున్నాయి. అడిగేవాళ్లూ బాగానే వస్తున్నారు. అయితే బుల్లెట్ బేరం ప్రతిసారీ ఒకేచోట ఆగిపోతోంది. చేసిన పనులన్నీ రాసిపెట్టిన కాగితం చూపించగానే, "అన్నా, బోరు వేయించినట్టు, పిస్టన్ మార్చినట్టు రాయకండి. రేపు వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి వెళ్తే ఇంజను పని జరిగిందని తిప్పి పంపేస్తారు" అంటున్నారు.

ఆ భయం వాళ్లు ఊహించుకున్నది కాదు. వింటేజ్ వాహనాల మీద మీ శాఖ 2021 జులై 15న ఇచ్చిన నోటిఫికేషన్‌లోంచే వచ్చింది. అందుకే ఈ లేఖ నేరుగా మీకే రాస్తున్నాను.

ఆ నోటిఫికేషన్ రావడం మంచిదే. అంతకుముందు పాత బళ్ల విషయంలో దేశమంతటికీ కలిపి ఒక పద్ధతి లేదు. మోటారు వాహనాల నిబంధనల్లో 81ఎ దగ్గర మొదలుపెట్టి కొత్త నిబంధనలు చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు టూ వీలర్లు, ఫోర్ వీలర్లు వింటేజ్ కిందికి వస్తాయి. పాత నంబరు ఉన్న బండి ఆ నంబరే ఉంచుకోవచ్చు. కొత్తగా రిజిస్టర్ చేసేవాటికి వీఏ సిరీస్ ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. అమ్ముకోవడానికీ అనుమతి ఉంది. అమ్మినవారూ కొన్నవారూ 90 రోజుల్లోగా తమ తమ రాష్ట్ర రవాణా అధికారులకు తెలియజేస్తే చాలు. వీటన్నిటిలో పాత నంబరును అలాగే ఉంచడం నాకు ఎంతో నచ్చిన సంగతి. మూడు ఇంగ్లీషు అక్షరాల ఆ పాత నంబరు ప్లేటు చూసి, బండి ఏ కాలానిదో, ఏ జిల్లాలో ఎక్కినదో మా పెద్దవాళ్లు ఇట్టే చెప్పేస్తారు.

చిక్కంతా ఒక షరతులో ఉంది. బండి అసలు రూపంలోనే ఉండాలి. భారీ ఓవర్‌హాలు జరిగి ఉండకూడదు. చాసిస్, బాడీ, ఇంజనులలో మార్పులు చేయడం ఆ ఓవర్‌హాలు కిందే లెక్క. అసలు రూపం ఉండాలనడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు, నా పనంతా అందుకోసమే. కానీ అరిగిపోయిన ఇంజనును కంపెనీ చెప్పిన పద్ధతిలో బాగుచేయడం ఆ షరతు కింద తప్పా, ఒప్పా? నిబంధన చదివినవాళ్లలో సగం మంది ఒకలాగా, సగం మంది ఇంకోలాగా చెబుతున్నారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎలా అర్థం చేసుకుంటే అలా. యాభై ఏళ్లు నడిచిన ఏ ఇంజనైనా ఒక్కసారైనా విప్పకుండా ఈ రోజు నడుస్తూ ఉండటం జరగని పని. విప్పనిది దుమ్ము పట్టి మూల నిలబడే ఉంటుంది.

ఈ బుల్లెట్ సంగతే చూడండి. నా దగ్గరికి వచ్చేసరికి కిక్కు దిగలేదు. ఏళ్ల తరబడి వసారాలో నిలబెట్టేయడంతో పిస్టన్ బారెల్‌లో పట్టేసింది. హెడ్డు ఊడదీసి, డీజిల్ పోసి నానబెట్టి, చెక్క ముక్క అడ్డుపెట్టి మెల్లమెల్లగా కొడితే గాని కదల్లేదు. బారెల్ బయటికి తీసి లోపలి గోడ మీద గోటితో కిందినుంచి పైకి గీస్తే, పిస్టన్ రింగు పైకి వచ్చి ఆగే చోట సన్నటి మెట్టు తగిలింది. గోరు అక్కడ పట్టుకుని ఆగిపోతుంది. ఆ మెట్టు తగిలిందంటే బారెల్ అరిగిపోయినట్టే. కొత్త రింగులు ఎన్ని వేసినా ఆయిలు పైకి లాగి నీలం పొగ వదులుతూనే ఉంటుంది. దానికి దారి ఒక్కటే, బోరు వేయించడం.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు బుల్లెట్ 350 బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. లెక్క కడితే 346 సీసీ. గాజువాక ఆటోనగర్‌లో బోరు వేయించి, హోనింగ్ చేయించి, అర మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్ వేశాను. బోరు ఇప్పుడు 70.5 మిల్లీమీటర్లు. దాంతో సీసీ 351 అయింది. సీ బుక్కులో రాసినదానికన్నా ఐదు సీసీలు ఎక్కువ. కొనేవాళ్లను భయపెడుతున్నవి ఈ ఐదు సీసీలే.

మంత్రిగారూ, ఓవర్‌సైజు పిస్టన్లు మా మెకానిక్కులు కనిపెట్టినవి కావు. పోత ఇనుప బారెల్ అరుగుతుందని, అరిగినప్పుడు గీసి పెద్ద పిస్టన్ వేసుకోవాలని ఆ ఇంజను తయారుచేసినవాళ్లకే తెలుసు. ఆ పిస్టన్లు స్పేరు పార్టులుగా వచ్చింది అందుకే. అంటే బోరు వేయించడం ఆ ఇంజను ఆయుష్షులో ముందే లెక్కలో ఉన్న పని. కనెక్టింగ్ రాడ్డు బిగ్ ఎండ్ బుష్షు మార్చాను, అదీ అరగడానికే పెట్టిన వస్తువు. వాల్వులకు పేస్టు వేసి రుద్ది కూర్చోబెట్టాను. గైడ్లు, ప్లాటినం పాయింట్లు, కండెన్సర్, క్లచ్ ప్లేట్లు, చెయిను, ప్యాకింగులు కొత్తవి వేశాను.

ఇక మార్చనివి. నంబరు కొట్టి ఉన్న క్రాంక్‌కేసు అదే. ఫ్రేమూ అదే. కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే సీ బుక్కులో ఉన్న అంకెలే కాగితం మీదికి వస్తాయి. నాలుగు గేర్ల ఆల్బియాన్ గేరుబాక్సు అలాగే ఉంది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. డిస్కు బ్రేకు పెట్టమని, గేరు ఎడమవైపుకి తిప్పమని, సెల్ఫ్ స్టార్టు బిగించమని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. అవి చేస్తే బండి సులువుగా అమ్ముడుపోతుంది, డబ్బూ ఎక్కువ వస్తుంది. నేను చేయలేదు, చేయను. అలాంటి పనులు మార్పులు. వాటిని మీ నిబంధన ఆపడం నూటికి నూరుపాళ్లు న్యాయం. పెంకుటింటికి పుచ్చిన వాసాలు తీసేసి కొత్తవి వేసి, అవే పెంకులు మళ్లీ నేయిస్తే అది తాతగారి ఇల్లు కాకుండా పోదు కదా. నేను చేసిన పని అలాంటిది.

ఈ తేడాను కాగితం మీద పెట్టడం కష్టమేమీ కాదు. బుల్లెట్ పుట్టిన దేశంలోనే ఆ పని జరిగింది. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన ఈ బండిని 1950ల నడుమ మద్రాస్ మోటార్స్ వాళ్లు ఆ ఇంగ్లండు కంపెనీతో కలిసి మన దగ్గర తయారుచేయడం మొదలుపెట్టారు. వాళ్ల తిరువొత్తియూరు ఫ్యాక్టరీ ఇంగ్లండు కంపెనీ మూతపడ్డాక కూడా ఆగలేదు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన వాహనాలకు 2018 మే 20 నుంచి ఏటా చేయించే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కాదు. అయితే బండిలో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. మన షరతు లాంటిదే. ఏది ఆ మార్పు కిందికి వస్తుందో ఏది రాదో అక్కడి రవాణా శాఖ విడమర్చి రాసింది. మూల ఇంజను అదే అయితే సీసీ వేరైనా గణనీయమైన మార్పు కాదంది. అసలు పార్టులు దొరకనప్పుడు బండిని కాపాడటానికి చేసినవి కూడా కాదంది. ఆ రెండు ముక్కలు మన నిబంధనలో ఉంటే నా ఐదు సీసీల తగువు ఉండేదే కాదు.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 1966లో ఏర్పడింది. అది ఇచ్చే గుర్తింపు కార్డులో చెయ్యి పెట్టని బండి, అసలు రూపంలో ఉన్న బండి, రిస్టోర్ చేసిన బండి, తిరిగి కట్టిన బండి అంటూ వేర్వేరు తరగతులు ఉంటాయి. రిస్టోర్ చేశామని చెప్పుకుంటే అక్కడ బండికి ఒక తరగతి వస్తుంది. ఇక్కడ చెప్పుకుంటే బండి జాబితాలోంచే పోతుందేమోనని భయం. ఆ భయంతో ఏం జరుగుతోందో పల్లెటూరి షెడ్డులో కూర్చున్న నాకే కనిపిస్తోంది. ఇంజను పని దాచిపెట్టి, పైపైన క్రోమియం మెరుపు, కొత్త పెయింటు, బంగారు గీతలు చూపించి అమ్ముతున్నారు. నిజంగా ఖర్చయిన పని, నిజంగా బండికి ప్రాణం పోసిన పని ఏ కాగితం మీదా ఉండదు. కొన్నవాడు రెండో ఏడు మళ్లీ బారెల్ విప్పితే గాని అందులో ఏ సైజు పిస్టన్ ఉందో తెలియదు. అప్పటికే ఆఖరి ఓవర్‌సైజు వేసి ఉంటే మళ్లీ బోరు వేయడానికి బారెల్‌లో మందం మిగలదు. తెలియక ఇంకోసారి గీయించి బారెల్ పారేసుకున్నవాళ్లను చూశాను.

యెజ్డీ విషయానికొస్తే దాని కష్టం వేరు. 1985 బండి కాబట్టి వింటేజ్ వయసు రావడానికి 2035 దాకా ఆగాలి. ఈలోగా ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ పోవాలి. మోటారు సైకిలు రెన్యువల్ రుసుము 300 నుంచి 2022 ఏప్రిల్‌లో 1,000 అయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 2,000 చేశారు. గ్రీన్ ట్యాక్సు దానికి వేరే. డబ్బు గురించి నేను పెద్దగా మాట్లాడను, బండి మీద ప్రేమ ఉన్నవాళ్లు కట్టుకుంటారు. కానీ కారిపోతూ, పొగ కక్కుతూ వచ్చిన బండికీ, ఇంజను శుభ్రంగా చేయించుకుని వచ్చిన బండికీ ఒకటే రుసుము, ఒకటే ముద్ర. చేయించిన పనికి గుర్తింపు ఎక్కడా లేదు.

రోడ్‌కింగ్ 1978లో వచ్చింది. దాన్ని చేసిన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2022లో యెజ్డీ పేరుతో కొత్త బళ్లు వచ్చాయి గానీ అవి ఫోర్ స్ట్రోకు. వాటి ఇంజను పార్టు ఒక్కటీ దీనికి పనికిరాదు. ఈ పాత బండి తీరే వేరు. కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి లేపితే కిక్కు, స్టార్టయ్యాక కిందికి దించితే గేరు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు రెండు రోజులు తికమకగా ఉంటుంది, అలవాటైతే ఇంకే బండీ నచ్చదు. దీనిలో ఎక్కువగా మోసం చేసేది ఎడమవైపు క్రాంక్ సీలు. అది గట్టిపడి పెదవి చీలితే, క్లచ్ వైపున్న ఆయిలును ఇంజను పీల్చుకుని తెల్లటి పొగ వదులుతుంది. టూటీ ఆయిలు ఎక్కువ కలిపారనుకుని చాలామంది కలపడం తగ్గించేస్తారు. పొగ తగ్గదు సరికదా, పిస్టన్ పట్టేస్తుంది. ఎడమ కవరు తీసి, క్లచ్ అంతా దించి ఆ సీలు మార్చాను. సైలెన్సర్లు రెండూ విప్పి లోపల పేరుకున్న కార్బన్ కాల్చి దులిపాను. 2000 మార్చి 31 వరకు తయారైన టూ వీలర్లకు పొగ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం దాటకూడదు. ప్రభుత్వం తరఫున ఇంజను లోపలి ఆరోగ్యాన్ని కొలిచే పరీక్ష ఇదొక్కటే. బాగుచేయడానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఆ పరీక్ష చేయించి రెండు కాగితాలూ బండితో పెడితే, పని జరిగిందో లేదో ఎవరి మాటా నమ్మనక్కర్లేదు.

కొనేవాళ్లకు వింటేజ్ కాగితం మీద ఎందుకంత ఆశో కూడా చెప్పాలి. 50 ఏళ్లు దాటిన బండిని మామూలు రెన్యువల్‌తో నడుపుకోవచ్చని నేను చెబుతూనే ఉన్నాను. వాళ్లకు ఢిల్లీ గుర్తొస్తుంది. 15 ఏళ్లు దాటిన పెట్రోలు బళ్లు ఆ ప్రాంతంలో తిరగరాదని 2014లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు బలపరిచింది. రేపు అదే మాట విశాఖపట్నానికీ వస్తే ఈ బండి తుక్కుకు పోతుందని వాళ్ల గుబులు. వింటేజ్ కాగితం ఉంటే ఆ గండం దాటొచ్చని నమ్మకం. తీరా ఆ కాగితం తీసుకుంటే బండిని మామూలుగా రోడ్డెక్కించకూడదు. ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీ, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు వీటికే బయటికి తీయాలి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున లంబసింగి, చెరువులవేనం వైపు ఎక్కే బళ్ల వరస మా రోడ్డు మీద చూస్తాం. దూరాలు తిరగడానికే పుట్టిన బండి ఆ వరసలో ఉండటానికి ఏడాదిలో కొన్ని రోజులైనా వీలుండాలి. ఇంజన్లు వాడకపోతేనే పాడవుతాయి. నిలబెట్టిన బండిలో సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో తుప్పు రేగుతుంది, కార్బొరేటర్ జెట్లు మూసుకుపోతాయి.

తుప్పు మాట వచ్చింది కాబట్టి పెట్రోలు సంగతీ చెప్పేస్తాను. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. 1973 నాటి రబ్బరూ ప్యాకింగులూ దానికోసం చేసినవి కావు. కొన్ని పాత బళ్లలో రబ్బరు భాగాలు ముందుగా మార్చాల్సి రావచ్చని ప్రభుత్వమే 2025లో అంది. అందుకే రెండు బళ్లకూ పెట్రోలు పైపులు, ట్యాప్ వాషర్లు, ఫ్లోట్ చాంబర్ ప్యాకింగ్ ఇథనాల్ తట్టుకునే రకం వేశాను. ఇవి అసలు పార్టులు కావు. నిజాయితీగా రాస్తే ఇదీ కాగితంలోకి ఎక్కుతుంది. ప్రభుత్వం ఇచ్చే పెట్రోలుకు తగ్గట్టు చేసిన ఈ పని కూడా అసలు రూపం నుంచి తప్పినట్టే అంటే, ఇక ఏ పాత బండి నిలుస్తుంది?

అమ్మకపు కాగితాల గురించి ఇంకొక్క మాట. చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం ఫారం 29, ఫారం 30 నింపి యాజమాన్యం మార్పించాలి. మా వైపు చాలామంది ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేస్తారు. రికార్డుల్లో పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత రికార్డుల్లో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ విషయం చెప్పి, కొన్నవాళ్ల పేరు మారేదాకా నేను బండి ఇవ్వను. ఆ ఫారాల్లో పేర్లు, అడ్రసులు, నంబర్లు, సంతకాలు ఉంటాయి. బండి లోపల ఏం జరిగిందో రాయడానికి ఒక్క గీత చోటు లేదు.

నేను అడుగుతున్నది ఆ చోటే. 81ఎ నిబంధనకు ఒక వివరణ చేర్చండి. ఇంజను, చాసిస్ నంబర్లు అవే ఉండి, తయారీదారు పద్ధతిలో అరిగిన భాగాలు మార్చడం, ఓవర్‌సైజు బోరు వేయడం భారీ ఓవర్‌హాలు కిందికి రాదని అందులో స్పష్టంగా రాయండి. పాత బండి అమ్మేటప్పుడు పని వివరాల పత్రం ఒకటి జతచేసే ఏర్పాటు చేయండి. దాని మీద మెకానిక్కూ, బోరు వేసిన మిషన్ షాపూ సంతకం పెట్టాలి. బోరు కొలత, వేసిన పిస్టన్ సైజు, మార్చినవి, మార్చనివి, పొగ పరీక్ష అంకెలు అందులో ఉండాలి. అబద్ధం రాస్తే మా మీద చర్య తీసుకోండి, దానికి నేను సిద్ధం. వింటేజ్ బళ్లకు ఏడాదిలో కొన్ని రోజుల ప్రయాణానికి అనుమతి ఇవ్వడం కూడా ఆలోచించండి. మొదటిదొక్కటి చేసినా మిగతావాటికి దారి దొరుకుతుంది.

ఇలాంటి పని చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. పిల్లలు ఐటీఐ చదివి షోరూముల్లో చేరుతున్నారు, కొత్త బళ్లకు అదే సరైన దారి. కానీ ప్లాటినం పాయింట్ల గ్యాపు చూసుకోవడం, టాపెట్ల చప్పుడు చెవితో పట్టుకోవడం, బోరు వేశాక మొదటి ఐదు వందల కిలోమీటర్లు బండిని ఎలా నడపాలో కొన్నవాడికి ఓపిగ్గా చెప్పడం షోరూములో నేర్పరు. ఆ పని దాచుకోవాల్సిన పని అయిపోతే నేర్చుకోవడానికి ఎవరూ రారు.

నా రెండు బళ్లనూ పని కాగితంతోనే అమ్ముతాను. బుల్లెట్ కాగితంలో 70.5 అనే అంకె ఉంటుంది. దాన్ని తీసేయమన్నవాళ్లకు బండి ఇవ్వను, ధర ఎంత చెప్పినా సరే. కొన్నవాళ్లు వింటేజ్‌కి దరఖాస్తు పెట్టుకుంటే ఆ కాగితం కూడా జతచేయమని చెబుతాను. తిప్పి పంపితే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోమంటాను. ఆ కాగితం నకలు ఒకటి ఈ లేఖతో మీ శాఖకు పంపుతున్నాను. అందులో రాసిన పనుల్లో ఏది తప్పో, ఏది కాదో మీ అధికారులతో గుర్తు పెట్టించి పంపండి.

ఇట్లు,
మాకవరపాలెం నుంచి ఒక మోటారు సైకిల్ మెకానిక్